అటు చదివేవాళ్ల కోసం: ఉద్యోగ మెయిళ్లు రాసిన నా అనుభవం

పాత కంపెనీలో నాది అకౌంట్స్ పని. అక్కడ హెచ్‌ఆర్‌లో ఉన్న ఒక్క మనిషీ మానేయడంతో, కొత్తవాళ్లు వచ్చేదాకా ఉద్యోగ దరఖాస్తుల మెయిల్‌బాక్స్ చూసే బాధ్యత నా నెత్తిన పడింది. ఎవరినీ ఎంపిక చేసే అధికారం నాకు లేదు. వచ్చిన మెయిల్ చదవాలి, పనికొచ్చేలా ఉంటే సంబంధిత మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయాలి, అంతే. కొంతకాలానికి మా విభాగాన్నే మూసేశారు. ఈసారి దరఖాస్తు పెట్టుకోవాల్సిన వంతు నాది. అప్పుడు నాకు అక్కరకొచ్చింది ఏ కోర్సూ కాదు, ఆ మెయిల్‌బాక్స్ ముందు కూర్చున్న రోజులే.

అక్కడ తెలిసిన అసలు సంగతి ఏమిటంటే, మనం రాసే మెయిల్ మొదట చదివేది మనకు ఉద్యోగం ఇచ్చే మనిషి కాదు. ఇచ్చే మనిషికి దాన్ని పంపించే మనిషి. ఆ మనిషికి ఇంకో పాతిక పనులుంటాయి. పైన ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేకుండా ఫార్వర్డ్ కొట్టగలిగితే కొట్టేస్తారు. 'ఈయన ఏ పోస్టుకు రాశారో తెలియదు, రెజ్యూమే చూస్తే సేల్స్‌లా ఉంది' అని తామే వివరణ రాయాల్సి వస్తే, తర్వాత చూద్దామని పక్కన పెడతారు. పక్కన పెట్టినవి చాలావరకు పక్కనే ఉండిపోతాయి. అందుకని నా మెయిల్ రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నాకు నేను వేసుకున్న ప్రశ్న ఒకటే: దీన్ని ఉన్నది ఉన్నట్టుగా మేనేజర్‌కు తోసేయొచ్చా?

మెయిల్ తెరవకముందే అవతలివాళ్లకు కనపడేవి మూడు: పంపినవారి పేరు, సబ్జెక్టు, లోపలి మొదటి వాక్యంలో కాస్త ముక్క. కొన్ని మెయిళ్లు పేరు దగ్గరే తికమక పెట్టేవి. మెయిల్ మీద ఒక పేరు, రెజ్యూమేలో ఇంకో పేరు. తీరా చూస్తే ఇంట్లో ఇంకెవరి అకౌంట్ నుంచో పంపి ఉండేవారు. నాలుగు రోజుల తర్వాత మేనేజర్ 'ఆ అమ్మాయి మెయిల్ ఏదీ?' అని అడిగితే వెతికినా దొరికేది కాదు. నేను ముందుగా చేసిన పని, నా అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, బయటికి కనిపించే పేరు రెజ్యూమేలో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోవడం.

ఇక సబ్జెక్టు. 'జాబ్ అప్లికేషన్', 'రెజ్యూమే', 'రిక్వెస్ట్ ఫర్ జాబ్', అసలు ఏమీ రాయని ఖాళీ సబ్జెక్టు, ఇవే ఎక్కువ కనిపించేవి. ఉద్యోగాల మెయిల్‌బాక్స్‌కు వచ్చిన ప్రతి మెయిలూ జాబ్ అప్లికేషనే కదా! ఆ మాట కొత్తగా ఏమీ చెప్పదు. పైగా ఫోన్‌లో చూసేవాళ్లకు సబ్జెక్టులో సుమారు 30, 40 అక్షరాలే కనపడతాయి, మిగతాది తెగిపోతుంది. 'అప్లికేషన్ ఫర్ ది పోస్ట్ ఆఫ్' అని మొదలుపెడితే ఆ చోటు కాస్తా అక్కడే అయిపోతుంది. నేను పోస్టు పేరు ముందు పెట్టి, తర్వాత ప్రకటనలో ఇచ్చిన రిఫరెన్స్ నంబర్, చివర నా పేరు రాయడం ఒక పద్ధతిగా పెట్టుకున్నాను. 'దరఖాస్తు' అన్న మాటే లేదు, దాని అవసరమూ పడలేదు.

ప్రకటనలో సబ్జెక్టు ఎలా ఉండాలో చెప్పి ఉంటే మాత్రం మన తెలివితేటలు చూపకూడదు. మా పాత ఆఫీసులో సబ్జెక్టులో ఫలానా కోడ్ ఉన్న మెయిళ్లన్నీ వాటంతట అవే ఒక ఫోల్డర్‌లోకి వెళ్లేలా రూల్ పెట్టి ఉండేది. కోడ్‌లో ఒక గీత తగ్గినా ఆ మెయిల్ మామూలు గుట్టలో పడేది. మేనేజర్ చూసేది ఆ ఫోల్డరే. అందుకే నేను కోడ్‌ను టైప్ చేయకుండా ప్రకటనలోంచి కాపీ చేసి పెట్టాను.

మొదటి వాక్యం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 'ఐ హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్' అని మొదలయ్యే మెయిళ్లు తెర మీద వరసగా పేర్చినట్టు కనిపించేవి. తెరవకుండానే కనపడే ఆ కాస్త చోటులో అందరిదీ ఒకే వాక్యం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ వాక్యానికి తోడు ఇంకొన్ని చేరాయి. అందరూ 'ప్యాషనేట్' అయిపోయారు, అందరికీ 'ప్రూవెన్ ట్రాక్ రికార్డ్' వచ్చేసింది. కంపెనీ పేరు రాయాల్సిన చోట 'ఇక్కడ కంపెనీ పేరు రాయండి' అన్న ఖాళీ అలాగే వదిలేసి పంపినవాళ్లూ ఉన్నారు. టు బాక్స్‌లో ఊళ్లో ఉన్న కంపెనీలన్నిటి అడ్రసులూ పెట్టి ఒకేసారి పంపినవాళ్లూ ఉన్నారు. అవతల చదివే మనిషికి కోపం రాదు, నిజానికి పని తేలికవుతుంది: ఆ మెయిల్‌కు జవాబివ్వనక్కర్లేదు.

నేను పంపిన వాటిలో ఒక మెయిల్ సారాంశం ఇక్కడ ఇస్తాను. అకౌంట్స్ తెలియనివాళ్ల కోసం: వెండర్లంటే కంపెనీకి సరుకు అమ్మేవాళ్లు, రీకన్సిలియేషన్ అంటే మన లెక్కలను బ్యాంక్ లెక్కతో సరిపోల్చడం, క్లోజింగ్ అంటే నెల లెక్కలన్నీ సరిచూసి ముగించడం.

'డియర్' అని హెచ్‌ఆర్‌లో ఆమె పూర్తి పేరు. తర్వాత: 'మీరు ప్రకటించిన సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి రాస్తున్నాను. ఒక తయారీ సంస్థలో వెండర్ పేమెంట్లు, బ్యాంక్ రీకన్సిలియేషన్, నెలాఖరు క్లోజింగ్ చూశాను. రెండు యూనిట్ల లెక్కలు ఒకేచోట కలిపే అనుభవం కావాలన్నారు. పాత సంస్థలో నేను చేసింది అదే. పది రోజులు పట్టే క్లోజింగ్ ఐదు రోజులకు తగ్గింది. మా విభాగం మూతపడింది కాబట్టి వెంటనే చేరగలను. రెజ్యూమే జత చేశాను. పని రోజుల్లో ఉదయం పది తర్వాత ఎప్పుడైనా మాట్లాడగలను.' కింద పేరు, ఫోన్ నంబర్.

అంతే. ఫోన్ తెర మీద పైకి జరపకుండానే దాదాపు మొత్తం కనపడుతుంది.

ఇందులో నాకు ఎక్కువ సమయం పట్టింది రెండు యూనిట్ల వాక్యం. అకౌంట్స్ ఉద్యోగం ప్రకటన ఏది తీసుకున్నా ముప్పాతిక భాగం ఒకేలా ఉంటుంది: ఎక్సెల్ రావాలి, గడువుకు పని పూర్తి చేయాలి, నలుగురితో కలిసి పనిచేయాలి. వాటి మీద పెన్సిల్‌తో గీత కొట్టేసేవాణ్ణి, ఆ ఉద్యోగానికే ప్రత్యేకమైన పని ఏదైనా మిగులుతుందేమోనని చూసేవాణ్ణి. ఈ ప్రకటనలో ఎక్కడో చివర్లో 'రెండు యూనిట్ల లెక్కలు కలపాలి' అని ఉంది. వాళ్ల అసలు తలనొప్పి అదేనని నాకు అనిపించింది. నా అనుభవంలో దానికి సరిపోయేది మాత్రమే తీసి ముందు పెట్టాను. జీతాల లెక్కలు, ఆడిట్ పని లాంటివి కూడా చేశాను గానీ మెయిల్‌లో వాటి ఊసెత్తలేదు. రెజ్యూమేలో ఎలాగూ ఉన్నాయి.

అంకె విషయంలో ఒక జాగ్రత్త. అడిగితే నిలబడి చెప్పగలిగే అంకెలే రాయాలి. ఇంటర్వ్యూలో మేనేజర్ మొదట అడిగింది ఆ ఐదు రోజుల గురించే. 'ఎలా తగ్గించారు?' అన్నారు. వెండర్ల స్టేట్‌మెంట్లు నెలాఖరున ఒక్కసారిగా తెప్పించుకునే బదులు ప్రతి వారం తెప్పించి అప్పటికప్పుడు సరిపోల్చడం మొదలుపెట్టామని చెప్పాను. అక్కణ్ణుంచి సంభాషణ అంతా మా ఇద్దరికీ తెలిసిన పని మీదే నడిచింది. మెయిల్‌లో ఒక్క వాక్యం ఇంటర్వ్యూని ఏ దారిలో తీసుకెళ్లాలో ముందే చెప్పేస్తుందన్నమాట.

విభాగం మూతపడిన సంగతి రాయాలా వద్దా అని స్నేహితుల్లో కొంతమంది సందేహించారు. 'ఉద్యోగం పోయిందని నువ్వే చెప్పుకోవడం ఎందుకు?' అన్నారు. రెజ్యూమేలో పాత ఉద్యోగం ముగిసిన నెల కనపడుతూనే ఉంటుంది. నేను చెప్పకపోతే చదివేవాళ్లు సొంతంగా కారణం ఊహించుకుంటారు, ఆ ఊహ ఎప్పుడూ మనకు అనుకూలంగా ఉండదు. అందుకే ఒక్క వాక్యం రాశాను. రెండో వాక్యం రాసి ఉంటే సానుభూతి అడిగినట్టు ఉండేది.

'రెస్పెక్టెడ్ సర్' అని ఎక్కడా రాయలేదు. అవతల ఉన్నది ఆయనో ఆమెనో తెలియనప్పుడు పూర్తి పేరు రాస్తే గొడవే లేదు. పేరు కూడా తెలియకపోతే 'డియర్ హైరింగ్ టీమ్'. ఇంగ్లిష్ విషయంలోనూ టెన్షన్ పడలేదు. చిన్న వాక్యాలు రాస్తే తప్పులు దొర్లే చోట్లే తగ్గిపోతాయి. వ్యాకరణం సరిచూడటానికి ఏఐని వాడుకున్నాను, కానీ అది ఊరికే ఉండదు, మనం అడగని విశేషణాలు తెచ్చి తగిలిస్తుంది. ఎదుటి కుర్చీలో ఉన్న మనిషితో ఈ మాట నోటితో అనగలనా అని చూసుకుని, అనలేనివన్నీ తీసేసేవాణ్ణి.

ఇక అటాచ్‌మెంట్లు. మెయిల్‌బాక్స్ చూసిన రోజుల్లో రెజ్యూమేలన్నీ ఒక ఫోల్డర్‌లోకి డౌన్‌లోడ్ చేసేదాకా నాకు ఈ సమస్య అర్థం కాలేదు. సగం మంది ఫైల్ పేరు 'రెజ్యూమే' అనే ఉంటుంది. కంప్యూటర్ వాటికి రెజ్యూమే ఒకటి, రెజ్యూమే రెండు అని నంబర్లు తగిలిస్తుంది. ఏది ఎవరిదో తెలియాలంటే అన్నీ తెరవాలి. నా ఫైల్‌కు నా పేరు, పోస్టు పేరు పెట్టాను. వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ పంపాను. 1993లో పీడీఎఫ్ వచ్చిందే ఏ మెషిన్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనపడాలని. వర్డ్‌లో చక్కగా గీసిన టేబుల్ ఇంకొకరి ఫోన్‌లో తెరిచేసరికి చెల్లాచెదురైపోవడం నేను కళ్లారా చూశాను. ప్రకటనలో వర్డ్ ఫైలే కావాలని అడిగితే అది వేరే సంగతి, అడిగింది పంపాలి.

సర్టిఫికెట్లు అడిగిన చోట సైజు చూసుకోవాలి. జీమెయిల్‌లో హద్దు 25 ఎంబీ. అయితే ఫైల్ మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు దాని రూపం మారి మూడో వంతు దాకా బరువెక్కుతుంది కాబట్టి 20 ఎంబీ ఫైల్ కూడా వెనక్కి తిరిగి రావచ్చు. స్కాన్ చేసిన కాగితాలను నలుపు తెలుపులో, తక్కువ రిజల్యూషన్‌తో ఒకే పీడీఎఫ్‌గా కలిపితే ఈ బాధ ఉండదు. డ్రైవ్ లింక్ పెట్టడం నాకు ఇష్టం లేదు. లింక్ తెరిచే అనుమతి ఇవ్వకపోతే అవతలివాళ్లకు 'యాక్సెస్ అడగండి' అన్న తెర వస్తుంది, ఆ బటన్ నొక్కి మన జవాబు కోసం కాచుకునే ఓపిక ఎవరికీ ఉండదు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ అయితే కంపెనీ సెక్యూరిటీ ఫిల్టర్లే ఆపేయొచ్చు. గుర్తింపు కార్డులు, బ్యాంక్ వివరాలు మొదటి మెయిల్‌లో ఎవరికీ పంపలేదు. ఆ దశలో అవి ఎవరికీ అవసరం లేదు.

మెయిల్ రాసేటప్పుడు టు బాక్స్ ఖాళీగా ఉంచి, అన్నీ అయ్యాక చివర్లో అడ్రస్ పెట్టేవాణ్ణి. అడ్రస్ లేకపోతే పొరపాటున సెండ్ నొక్కినా మెయిల్ కదలదు. ముందు నాకు నేనే పంపుకుని, ఫోన్‌లో తెరిచి, అటాచ్‌మెంట్ కూడా తెరిచి చూసుకున్నాకే అసలుది. జీమెయిల్‌లో అన్‌డూ సెండ్, అంటే పంపిన మెయిల్‌ను ఆపుకునే సమయం మామూలుగా 5 సెకన్లు ఉంటుంది, సెట్టింగ్స్‌లో 30 దాకా పెంచుకోవచ్చు. అవుట్‌లుక్‌లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే రీకాల్ ఉంది కదా అనుకునేవాళ్లకు ఒక మాట: అది ఒకే సంస్థ లోపల పంపుకున్న మెయిళ్లకే పనిచేస్తుంది. బయటి కంపెనీకి వెళ్లిపోయిన మెయిల్ వెళ్లిపోయినట్టే.

ఏ రోజు పంపాలన్నదాని మీద రకరకాల సిద్ధాంతాలున్నాయి. నేను వాటి జోలికి పోలేదు. సెలవు రోజుల ముందు రాత్రి మాత్రం పంపలేదు, ఎందుకంటే మెయిల్‌బాక్స్‌ను అందరూ పైనుంచి కిందికే చదువుతారు, రెండు రోజుల మెయిళ్లు మీద పడితే అది అడుగుకు వెళ్లిపోతుంది.

జవాబు రాకపోవడం ఈ వ్యవహారం మొత్తంలో కష్టమైన భాగం. 'ఎనీ అప్‌డేట్?' అని రెండు ముక్కలు రాసి పంపే మెయిళ్లు నా దగ్గరికీ వచ్చేవి. ఎవరు, ఏ పోస్టు, ఎప్పుడు రాశారు అన్నది వెతికే పని నా మీద పడేది. నేను ఫాలోఅప్ రాసినప్పుడు కొత్త మెయిల్ మొదలుపెట్టలేదు. సెంట్ బాక్స్‌లో ఉన్న పాత మెయిల్‌కే రిప్లై కొట్టి, సబ్జెక్టు ముట్టుకోకుండా పంపాను. సబ్జెక్టు మారిస్తే జీమెయిల్ దాన్ని వేరే సంభాషణగా విడదీస్తుంది, పాత మెయిల్, రెజ్యూమే వెనకే ఉండిపోతాయి. లోపల రాసింది కొద్దిగానే: ఫలానా తేదీన ఈ ఉద్యోగానికి దరఖాస్తు పంపాను, ఇప్పటికీ ఆసక్తి ఉంది, రెజ్యూమే మళ్లీ జత చేశాను, ఎంపిక ఎప్పటికి పూర్తవుతుందో చెప్పగలరా. ప్రకటనలో చివరి తేదీ ఉంటే అది దాటిన వారానికి, లేకపోతే పంపిన వారం పది రోజులకు. రెండోసారీ జవాబు రాకపోతే ఊరుకున్నాను. మూడో మెయిల్ వల్ల మనసు మార్చుకున్న మేనేజర్‌ను ఆ పాత ఆఫీసులో నేనైతే చూడలేదు.

ఇంటర్వ్యూకు పిలుస్తూ హెచ్‌ఆర్ రాసిన మెయిల్‌లో సీసీలో మేనేజర్ కూడా ఉన్నారు. అలాంటి చోట రిప్లై ఆల్ కొట్టాలి, లేకపోతే మనం ఒప్పుకున్న సంగతి హెచ్‌ఆర్‌కే తెలుస్తుంది. 'ఓకే, థాంక్యూ' అని సరిపెట్టకుండా తేదీ, సమయం తిరిగి రాశాను. ఒక కంపెనీ హెచ్‌ఆర్ వేరే దేశంలో ఉండటంతో ఏ దేశ సమయమో కూడా రాశాను. వాళ్లు వెంటనే 'కాదు, అది మా సమయం' అని సరిదిద్దారు.

జీతం ఎంత ఆశిస్తున్నారని మెయిల్‌లోనే అడిగినవాళ్లున్నారు. 'కంపెనీ నిబంధనల ప్రకారం' అని రాయడం మర్యాదగా అనిపించినా, ఫార్వర్డ్ చేసే మనిషికి దానివల్ల పని ఆగుతుంది. వాళ్ల ఫారంలో ఆ గడి నింపాలి. కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని ఇచ్చి, బాధ్యతలు పూర్తిగా తెలిశాక మాట్లాడుకుందామని రాశాను.

ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్ రాయాలని అందరూ చెబుతారు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే అని నా అభిప్రాయం. ఒకచోట మాత్రం మేనేజర్ మా క్లోజింగ్ చెక్‌లిస్ట్ ఎలా ఉండేదని అడిగారు. పాత కంపెనీ సమాచారం ఏదీ లేకుండా, కొత్తగా ఒక పేజీ తయారుచేసి, ఆ సాయంత్రమే థాంక్యూతో పాటు పంపాను. దానికి జవాబు అరగంటలో వచ్చింది, అదీ ఇంకో ప్రశ్నతో.

మధ్యలో ఒక ఆఫర్ మెయిల్ కూడా వచ్చింది. ఇంటర్వ్యూ లేదు, ఏమీ లేదు, ఏకంగా 'మీరు ఎంపికయ్యారు', లాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టమని. పేరు చూస్తే పెద్ద కంపెనీ, అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాత ఉన్నది మాత్రం అందరూ వాడే ఉచిత మెయిల్ డొమైన్. చదివి డిలీట్ చేశాను. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనకు డబ్బిస్తారు గానీ మన దగ్గర తీసుకోరు.

నిజమైన ఆఫర్ వచ్చినప్పుడు ఆత్రపడి 'యాక్సెప్టెడ్' అని రాయకుండా లెటర్ మొత్తం చదివాను. ఫోన్‌లో అనుకున్న చేరే తేదీ ఒకటి, లెటర్‌లో ఉన్నది దానికి వారం ముందుది. 'సంతోషంగా ఒప్పుకుంటున్నాను. చేరే తేదీ ఫోన్‌లో ఇలా అనుకున్నాం, లెటర్‌లో ఇలా ఉంది. సరిచేసిన కాపీ పంపితే సంతకం చేసి తిరిగి పంపుతాను' అని రాశాను. మర్నాడు మార్చి పంపారు. ఒప్పుకుంటూ రాసిన మెయిల్‌లో హోదా, తేదీ, లెటర్‌లో ఉన్న జీతం మళ్లీ ఒకసారి ప్రస్తావించాను.

అప్పటికి ఇంకా మాట్లాడుతూ ఉన్న కంపెనీలకు అదే రోజు రాసేశాను. వేరే ఉద్యోగం ఒప్పుకున్నాను, నా దరఖాస్తు పక్కన పెట్టగలరు, మీరు ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు. ఏ కంపెనీ, ఎంత జీతం అన్నవి రాయలేదు. ఒకరు ఫోన్ చేసి ఎంత ఇస్తున్నారని అడిగారు, చెప్పలేదు. ఇంకొకరు, ఇదే పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రెజ్యూమే పంపమన్నారు. పాత విభాగంలో నాతో పాటు ఉద్యోగం పోయిన అతనికి ఆ హెచ్‌ఆర్ అడ్రస్, రిఫరెన్స్ నంబర్ పంపి, ప్రకటనలో చివరి పేరా జాగ్రత్తగా చదివి మెయిల్ రాయమని చెప్పాను.